ఫారిన్ మేడమ్

బ్యూటీ పార్లర్‌లో హెడ్ పోస్టు ఈసారి పెద్దక్కదే అని అందరూ అనుకున్నారు. అందరికంటే ముందు పెద్దక్కే అనుకుంది. ఎంతమంది పగిలిన మడమలు గీకింది! ఎంతమంది ముక్కుల మీద బ్లాక్‌హెడ్స్ నొక్కి తీసింది! ఎవరి తలలో పేలు కనిపించినా ముఖం చిట్లించకుండా దువ్వింది. ఇన్నేళ్ళ చాకిరీకి ఆ మాత్రం దక్కదా?

ఓనరమ్మ మాత్రం విదేశం నుంచి తిరిగొచ్చిన మనిషిని తెచ్చి హెడ్ చేసింది.

"అక్కడ మేకప్ చేసిందట! ఇంకేం కావాలి?" అని మురిసిపోయింది. విదేశం అన్న మాట చెవిన పడ్డాక ఆవిడకు ఇంకేమీ వినిపించలేదు.

వచ్చినావిడ పెద్దక్క కంటే చాలా చిన్నది. అందరూ ఫారిన్ మేడమ్ అనేవారు. ఆమె పద్ధతులు చూస్తే పెద్దక్కకు ఒళ్ళు మండిపోయేది. పెళ్ళికూతుర్ని కుర్చీలో కూర్చోనివ్వదు, బల్ల మీద వెల్లకిలా పడుకోబెడుతుంది. పాత ఫొటో తెమ్మని దాన్ని చూస్తూ ముఖం దిద్దుతుంది. ఎవరైనా కబుర్లాడబోతే చిరాకు.

"ఫారిన్ స్టైల్!" అని జనం ఎగబడ్డారు. పెద్దక్కకు మడమలే మిగిలాయి.

"అక్కడ నా పని చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చేసేవాళ్ళు" అంది ఒకరోజు ఫారిన్ మేడమ్.

"ఇక్కడా ఏడుస్తున్నారు లెండి, బిల్లు చూసి" అని గొణిగింది పెద్దక్క.

రోత పుట్టింది ఆమెకు. పనితనానికి పూచికపుల్ల విలువ లేదు. విమానం ఎక్కి దిగితే చాలు, నెత్తిన పెట్టుకుంటారు. ఛీ! సరే, తనూ ఎక్కి దిగుతుంది. అప్పుడు ఆ కుర్చీ ఎలా ఇవ్వరో చూస్తుంది.

అభిమానం చంపుకుని ఫారిన్ మేడమ్ దగ్గరికే వెళ్ళింది.

"మీరు చేసిన చోట నాకూ ఓ మాట చెప్పిపెట్టండి మేడమ్."

ఆమె ఇబ్బందిగా చూసింది. "వద్దక్కా. ఆ పని అందరూ చెయ్యలేరు. మొదట్లో నాకు ముద్ద దిగేది కాదు."

"పేలు దువ్విన చేతులండీ ఇవి. నాకు అలాంటి పట్టింపులేం లేవు."

"అది కాదక్కా, అక్కడ..."

"నేను పైకి రావడం మీకిష్టం లేదని చెప్పండి, సరిపోతుంది!"

ఫారిన్ మేడమ్ ఫోన్ తీసి, తనను పంపిన ఏజెంటుకు కలిపింది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ఏజెంటు చూపించిన చోటల్లా పెద్దక్క సంతకాలు పెట్టింది. రాజీనామా ఓనరమ్మ ముఖాన కొట్టి మరీ విమానం ఎక్కింది.

కొత్త ఉద్యోగంలో మొదటి ఉదయం. అద్దంలా మెరిసే నేల, ఎక్కడ చూసినా తెల్లటి పూలు. గట్టిగా మాట్లాడే మనిషే లేడు. పార్లరంటే ఇదీ అనుకుని పెద్దక్క పొంగిపోయింది. సూపర్‌వైజరమ్మ ఆమెకు గ్లౌజులు, మేకప్ పెట్టె ఇచ్చి లోపలి గదిలోకి తీసుకెళ్ళింది.

"కస్టమరు ఎప్పుడొస్తారు?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది పెద్దక్క.

"రాత్రే వచ్చారు" అంటూ సూపర్‌వైజరమ్మ గోడలోని స్టీలు సొరుగును బయటికి లాగింది. అందులో, కాలి బొటనవేలికి చీటీ కట్టిన శవం ఉంది.