తూము దగ్గర మనిషి

పట్టపగలు పదిగంటలకు తూముగట్టు మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు ఏలీయా.

ప్రెసిడెంటు వెంకటపతిగారు చేతికర్రతో అతని డొక్కలో పొడిచారు.

"గవర్నమెంటు జీతమంటే ఇదిరా. మేం ఎండలో చావాలి, నువ్వు నీడన పడుకోవాలి."

ఎండలో చచ్చేది ఆయన కాదు, ఆయన పాలేళ్లు. అయినా వెంట ఉన్న నలుగురూ నవ్వారు. ఆయన మాటకు నవ్వడమే ఆ ఊళ్లో కొందరి పని.

ఏలీయా లేచి, తుండు దులుపుకుని, చేతులు కట్టుకున్నాడు.

"పొద్దుటి పోటు తగ్గిందండీ. మళ్లీ సాయంత్రం దాకా పనిలేదండీ" అన్నాడు.

నాగాయలంకకు దిగువన, ఈ ఊరి కాలువ కృష్ణలో కలిసేచోట ఉంది తూము. సముద్రం పోటెక్కినప్పుడల్లా ఏట్లోంచి ఉప్పునీరు ఎగదన్నుకొస్తుంది. అప్పుడు తూము తలుపు దించాలి. పోటు తగ్గాక ఎత్తాలి. రోజుకు రెండుసార్లు ఇదే పని. పోటు రోజూ ముప్పావుగంట ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఏలీయా నిద్ర కూడా రోజుకో వేళకు జరుగుతూ ఉండేది.

ఆ తలుపు వెనక మూడొందల ఎకరాల వరి ఉంది. ఊరి పెద్దలకు తలుపు ఎన్నడూ కనపడలేదు, నిద్రే కనపడింది.

మూడేళ్ల కిందట ఎక్కడినుంచో వచ్చాడు ఏలీయా. తూము పక్కన, తలుపు చూసే గవర్నమెంటు లస్కరు కోసం వేసిన ఖాళీ పాకలో దిగాడు. ఆ పాకలో మేకుకు వేలాడుతున్న పాత ఖాకీ కోటు చలికి తొడుక్కున్నాడు. ఖాకీ కోటు తొడిగినవాడు లస్కరు కాక ఇంకేమవుతాడు? ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఒక్కసారి మాత్రం, తమ లంకలో తనకూ అరెకరం ఉండేదనీ, తలుపు వేసే దిక్కులేక ఒక్క పోటుకు ఉప్పెక్కిందనీ, ఏడేళ్లు గడ్డి కూడా మొలవలేదనీ చెప్పబోయాడు. సోది ఆపమన్నారు.

తూము దగ్గర వలేసి నాలుగు చేపలు అమ్ముకుంటే, జీతం చాలక పైసంపాదన అన్నారు.

నూర్పిళ్లప్పుడు కళ్లంలో చాకలికి, మంగలికి, కమ్మరికి ఏడాది పనికి మేర గింజలు కొలిచి ఇస్తారు. నిరుడు ఏలీయా కూడా తుండు పట్టుకుని వరస చివర నిలబడ్డాడు. జీతగాడికి మేరేమిట్రా అన్నారు వెంకటపతిగారు. అతను తుండు మడిచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నలభై ఎకరాల ఆసామికి ఆ పూట రెండు కుంచాల ధాన్యం మిగిలింది.

ఇవాళ ఏలీయా ఇంకోటి అడిగాడు.

"తలుపు ఎత్తే మోకు చీకిపోయిందండీ. కొత్తది ఇప్పించండి."

"మీ ఆఫీసులో అడుక్కో."

"వాళ్లెందుకిస్తారండీ?"

ఆ మాటతో వెంకటపతిగారికి అంతా తేటతెల్లమైపోయింది. వీడు గవర్నమెంటు మోకు నాగాయలంకలో అమ్ముకుని తాగేశాడు. ఏలీయా చుక్క ముట్టడని అందరికీ తెలుసు, కానీ ప్రెసిడెంటుగారు అన్నాక తాగినట్టే. పొద్దు వాలేలోగా పాక ఖాళీ చెయ్యమన్నారు. పై ఆఫీసుకు అర్జీ కూడా రాయించారు.

ఏలీయా కోటు విప్పి మేకుకు తగిలించాడు. వల భుజాన వేసుకున్నాడు.

"ఎల్లుండి పున్నమండీ. పోటు పెద్దది. ఎవర్నన్నా కూర్చోబెట్టండి" అన్నాడు.

"నువ్వు నిద్రపోయే పని ఎవడైనా చేస్తాడు, పోరా."

నలుగురూ మళ్లీ నవ్వారు.

ఎవర్నీ కూర్చోబెట్టలేదు. లస్కరును పంపడం గవర్నమెంటు పని కదా. ఆ రెండు రోజుల పోట్లూ చిన్నవి కాబట్టి కాలువ మొదట్లోనే ఆగాయి, ఎవరికీ తెలియలేదు.

కార్తీక పున్నమి నాడు చీకటి పడగానే ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదిలారు. ఏటా ఆ దీపాలు ఏటివైపు సాగిపోయేవి. ఈసారి వెనక్కి తిరిగి చేలవైపు బయల్దేరాయి.

"లక్ష్మీదేవి మన చేలల్లోకే వస్తోందే" అంది వెంకటపతిగారి భార్య సత్యవతమ్మ.

అందరూ చెంపలు వేసుకుని దణ్ణం పెట్టారు. అంత తెలివైన ఊరు.

తెల్లారి గేదెలు కాలువలో మూతిపెట్టి, తల విదిల్చి వెనక్కి తిరిగాయి. వెంకటపతిగారు దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో పోసుకుని, తుపుక్కున ఉమ్మేశారు.

అప్పుడు పరిగెత్తారు తూము దగ్గరికి. చీకిన మోకు తెగి, ఎత్తి ఉన్న తలుపు సగంలో అడ్డంగా బిగుసుకుంది. పదిమంది కలిసి దాన్ని దించేసరికి ఇంకో పోటు వచ్చిపోయింది. పాలు పోసుకుంటున్న వరి వారం తిరక్కుండా ఎర్రబారి, కంకులన్నీ తాలుపోయాయి.

ఊరు గొల్లుమంది. కౌలు చేసుకునేవాళ్లు గట్లమీద కూలబడి ఏడ్చారు. వెంకటపతిగారు మాత్రం రెండో అర్జీ రాయించారు.

పదిరోజులకు రెండు అర్జీలూ జేబులో పెట్టుకుని కాలువల ఆఫీసు ఓవర్సీరు సైకిలు మీద వచ్చాడు.

"మీ లస్కరు మా నోట్లో మట్టికొట్టాడండీ. కసికొద్దీ పని వదిలేసి పోయాడు. వాడి జీతం ఆపించి, జైల్లో పెట్టించండి" అన్నారు వెంకటపతిగారు.

ఓవర్సీరు పాకలోకి తొంగిచూశాడు. మేకుకున్న కోటు చూశాడు. జేబులోంచి అర్జీలు తీసి మళ్లీ చదువుకున్నాడు. అతని మొహంలో అయోమయం తప్ప ఇంకేమీ లేదు.

"ఇక్కడి లస్కరు ఉద్యోగం ఎత్తేసి మూడేళ్లు దాటిందండీ" అన్నాడు. "తలుపు వేళకు దిగుతూ లేస్తూ ఉంటే, మీ ఊరే జీతమిచ్చి మనిషిని పెట్టుకుందనుకున్నాం."