మూడు చుట్లు

"అమ్మా, తలుపు తియ్యొద్దు, లైటు వెయ్యొద్దు. వెలుతురు తగిలితే ఈ కాగితం నల్లబడిపోతాది. ఉండేది ఇదొక్కటే."

స్నానాలగదిలో ఎర్రబల్బు కింద మునికుమార్ మందునీళ్ల ట్రేలో తెల్లకాగితాన్ని ముంచాడు. పెట్టెంత కెమెరాతో అతను తీసిన మొదటి ఫోటో అది. ట్రేని నెమ్మదిగా ఊపే పని తల్లి నాగులమ్మది.

కాగితం మీద ముందు మెట్లు తేలాయి. ఆ పైన అలిపిరి గోపురం.

"సామీ! నీళ్లల్లోంచి వస్తాండావా!"

మునికుమార్ తల తిప్పేలోపు ఆమె కొంగుముడిలోని కర్పూరం సబ్బుపెట్టె మీద భగ్గుమంది.

"ఆర్పేయ్ మా!"

"హారతి ఆర్పితే పాపం రా. దండం పెట్టుకో."

పెట్టుకున్నాడు.

గోపురం నల్లబడింది. అంచులు మాత్రం వెండిగీతల్లా మెరుస్తూ మిగిలాయి. ఏడుపుమొహంతోనే దాన్ని కడిగి, ఆరబెట్టి, తనకు ఫోటోలు నేర్పే చిత్తూరు సుబ్రమణ్యం సారుకి ఫోన్లో పంపాడు.

సారు వెంటనే ఫోన్ చేశారు. "ఈ వెండి అంచు నాకు ఇరవై ఏండ్లుగా కుదర్లేదప్పా! బొమ్మ తేలేటప్పుడు మధ్యలో వెలుతురు ఎంతసేపు ఇచ్చినావు?"

మునికుమార్ తల్లివైపు తిరిగాడు. "హారతి ఎంతసేపు ఇచ్చినావు మా?"

"మూడు చుట్లు."

"మూడు చుట్లు, సార్."

"ఉండప్పా, రాసుకుంటాను."