మునెమ్మ చేతి పులుపు

మునెమ్మ బతికున్నన్నాళ్లూ అంబలి కుండను కోడలు సుగుణను ముట్టనివ్వలేదు. ఆమె పోయిన నెలకే సుగుణ ఆ కుండను పగలగొట్టి దిబ్బలో పారేసి, పుంగనూరు సంతలో కొత్తది కొనింది. అందులో తనే రాగి అంబలి పులియబెట్టింది.

మర్నాడు రాత్రి మొగుడు రమణ ఒక గ్లాసు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"అచ్చం మాయమ్మ చేతి పులుపే ఉండాది. పాత కుండలోనే పెట్నావా?"

సుగుణ లైటు ఆర్పింది.

ఇల్లు సద్దుమణిగాక వంటింట్లో తెడ్డు తిరుగుతున్న చప్పుడు మొదలైంది. నిదానంగా, కుండ అంచుకు తగిలీ తగలకుండా, మునెమ్మ కలిపినట్టే. సుగుణ కదలకుండా వింటూ పడుకుంది. పక్కన రమణ ఎన్నో ఏళ్ల అలవాటుగా నిద్రలోనే గొణిగాడు.

"చాల్లేమ్మా. ఇంక పండుకో పో."

తెడ్డు ఆగింది. కాసేపటికి గడప పక్కన చాప పరిచిన చప్పుడైంది.