ఏడు ఆదివారాలు, ఒక్క చేపా లేదు

"నీ రొయ్య ఒకటి పోయింది," అన్నాడు టైలరు. గొంతులో బాధ కంటే సంతోషమే ఎక్కువ పలికింది.

భార్య చేతులు తుడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చింది. కుట్టుమిషను పక్కనున్న గాజుతొట్టిలోకి తొంగిచూసి పకపకా నవ్వింది.

"పోవడమేంటండీ! అది ఉత్త పెంకు. ఒళ్లు పెరిగినప్పుడల్లా రొయ్య పాత పెంకు విడిచేస్తుందట. చేపలాయన చెప్పాడు."

చేపలాయన చెప్పాడు! టైలరుకి ఒళ్లు మండింది.

పొద్దున్న లేస్తే అదే మాట. మేత రోజూ వెయ్యకూడదట, చేపలాయన చెప్పాడు. నీళ్లన్నీ ఒక్కసారే మార్చకూడదట, చేపలాయన చెప్పాడు. పదేళ్ల కాపురంలో తను చెప్పిన మాట ఒక్కటైనా ఇలా అప్పజెప్పిందా ఈ మనిషి?

చేపలాయన దుకాణం సందు చివర ఉంది. తొట్టీ, అందులో పన్నెండు ఎర్ర రొయ్యలూ ఆవిడ అక్కడే కొంది. తెచ్చిన రోజు టైలరు పెదవి విరిచాడు.

"అడుగున పాకే వీటిని చూడాలంటే మెడ వంచాలి. మిషను మీద వంగీ వంగీ నా మెడ ఎలాగూ పోయింది. తలెత్తితే కనిపించేలా ఓ చేప ఉంటే అదో అందం."

అనడమైతే అన్నాడు గానీ, మర్నాటికి ఆ సంగతి తనే మర్చిపోయాడు.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఆవిడ "చేప చూసొస్తా" అని బయల్దేరేది. గంటకి తక్కువ కాకుండా అక్కడే ఉండి, వట్టి చేతులతో తిరిగొచ్చేది.

"ఏదీ చేప?"

"ఉన్నవాటిలో దేనికీ రొయ్యలతో పొత్తు కుదరదటండీ. నోట్లో పట్టేదల్లా చేపకి తిండేనట. గప్పీ చేపలు పెద్ద రొయ్యల జోలికి పోకపోయినా పిల్లల్ని మింగేస్తాయట. ఏంజెల్ చేపల సంగతైతే అడగనే అక్కర్లేదట."

"చేపలమ్మేవాడు చేపలు కొనొద్దంటాడా?"

"అంటాడు. మంచాయన."

"గంటసేపూ ఇదేనా మాట్లాడింది?"

ఆవిడ ముసిముసిగా నవ్వి లోపలికి వెళ్లిపోయింది. ఆ నవ్వు టైలరు గుండెల్లో గుండుసూదిలా దిగింది.

ఆరో ఆదివారం ఆగలేక వెనకాలే వెళ్లాడు. రోడ్డుకి అవతల నిలబడి, దుకాణం అద్దంలోంచి చూశాడు. ఆవిడ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. చేపలాయన చెంప కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. జుట్టంతా నెరిసిన మనిషే. అయితే మాత్రం? తన ముందు ఆవిడ అలా చేతులు తిప్పుతూ మాట్లాడి ఎన్నాళ్లయిందో టైలరుకి గుర్తు రాలేదు.

ఆ రోజు ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టాడు.

ఏడో ఆదివారం ఆవిడ చెప్పులేసుకుంటుంటే గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"వెళ్లొద్దు. చేప నేనే తెస్తా."

"అయ్యో, ఇవాళ తప్పకుండా రమ్మన్నాడండీ!"

"రమ్మన్నాడా? అయితే అసలు వెళ్లొద్దు!"

ఊరి మధ్య పెద్ద దుకాణానికి వెళ్లి రెండు ఏంజెల్ చేపలు ఏరాడు. వెండి ఒళ్లు, నల్లటి చారలు.

"రొయ్యలతో ఉంటాయా?"

"భేషుగ్గా ఉంటాయి సార్," అన్నాడు అమ్మేవాడు, సంచీకి ముడేస్తూ.

ఇంట్లో ఆవిడ ఆ సంచీ చూసి తెల్లబోయింది. "ఏమండీ, మీకు దణ్ణం పెడతా, వద్దు!"

"లోకంలో అన్నీ వాడికే తెలుసా?" అని టైలరు సంచీ తొట్టిలో గుమ్మరించాడు.

బుధవారానికి తొట్టిలో ఒక్క రొయ్య లేదు.

ఆవిడ తిట్టలేదు. చెంచాతో నాచు పక్కకి తప్పిస్తూ గంటసేపు వెతికింది. పెంకు ముక్క కూడా దొరకలేదు. చెంచా కడిగి పెట్టి, ముసుగు తన్ని పడుకుంది.

తిట్టినా బాగుండును అనుకున్నాడు టైలరు. 

మర్నాడు పొద్దున్నే, రోషం దిగమింగుకుని చేపలాయన దగ్గరికి బయల్దేరాడు. తప్పు ఒప్పుకుని, కాళ్లావేళ్లా పడైనా పన్నెండు రొయ్యలు తెచ్చుకోవాలని.

దుకాణం షట్టరు దించి ఉంది.

"ఎవరు కావాలి బాబూ?" పక్కనే గడియారాలు బాగుచేసే పెద్దావిడ కళ్లజోడు పైకి నెట్టి అడిగింది.

"చేపలాయన కోసం, పెద్దమ్మా. నేను ఈ సందులోనే టైలర్ని."

"ఓహో, మెడనొప్పి టైలరువి నువ్వేనా!"

అతని చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్లింది. "మీకెలా తెలుసు?"

"తెలియకేం? మీ ఆవిడ వచ్చిందంటే నీ ఊసే. మా ఆయన తలెత్తితే కనిపించాలి, రొయ్యలకేం కాకూడదు, అలాంటి చేప కావాలని. అది దొరికేదాకా మీవారికి చెప్పకమ్మా అన్నాడు చేపలాయన. ఎన్ని ఊళ్లకి ఫోన్లు చేశాడో పాపం!"

బల్ల కింద నుంచి ఓ గాజుసీసా తీసి అతని కళ్ల ముందు పెట్టింది. పైనీళ్లలో ఎనిమిది చేపలు. సగం అగ్గిపుల్లంత పొడవు, నిప్పులాంటి ఎరుపు, సూదిబెజ్జమంత నోళ్లు. మెడ వంచకుండానే కనిపించాయి.

"ఆదివారం వచ్చాయివి. చీకటి పడేదాకా మీ ఆవిడ కోసం గుమ్మంలోనే కూచున్నాడు. రాకపోయేసరికి, మీరొస్తే ఇమ్మని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు."

"ఎక్కడికి? మళ్లీ ఎప్పుడొస్తాడు?"

"ఇంకెక్కడ రావడం? కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అసలీ కొట్టు ఎప్పుడో ఖాళీ చెయ్యాల్సింది బాబూ. ఆ టైలరుగారి చేప ఒక్కటి దొరకనీ, ఇచ్చేసి పోతానంటూ ఇన్నాళ్లూ నీ కోసమే ఆగాడు."