రోజూ ఒక డబ్బా

పెద్దాయన సంచిలోంచి చేపల డబ్బా తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

"ఇది రోజూ తినొచ్చా తల్లీ?"

పొద్దుటి నుంచి దగ్గులూ జలుబులూ చూసి విసిగి ఉన్న డాక్టరమ్మకి నవ్వొచ్చింది.

"వారానికి రెండు మూడుసార్లయితే మంచిదే. రోజూ ఎందుకు?"

"రోజూ తింటే ఏమవుతుంది?"

"అందులో ఉప్పెక్కువ. బీపీ పెరుగుతుంది."

"ఎంత పెరుగుతుంది?"

ఇలా అడిగిన రోగిని ఆమె ఇంతవరకు చూడలేదు.

"అదెలా చెప్తాం? మనిషిని బట్టి ఉంటుంది."

"అయితే నన్ను బట్టి చూద్దాం" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

నూట ముప్ఫై ఉంది. డబ్బాకి చుట్టిన రంగు కాగితం ఒలిచి, వెనక తెల్లవైపు ఆ అంకె రాయించుకుని వెళ్ళాడు.

నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చాడు. ఈసారి నూట యాభై ఆరు.

"చెప్పానా లేదా? రోజూ తిన్నారా?"

"ఒక్కరోజు తప్పితే ఒట్టు!"

అదేదో ఘనకార్యమైనట్టు చెప్పాడు.

"మానెయ్యండి."

"మానకుండా ఏం చెయ్యాలో చెప్పు తల్లీ."

మొండిఘటం. తిట్టడానికి నోరు తెరిచింది గానీ ఆ ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

ముక్కల్ని నీళ్ళలో కడగమంది. పైన ఉప్పు చల్లొద్దంది. పెద్ద చేపలవి మాని చిన్న చేపల డబ్బాలు కొనమంది. మెత్తబడిన ముళ్ళు పారెయ్యకుండా నమలమంది, ఎముకలకి బలమని. గింజలు మొలకెత్తించి పక్కన పెట్టుకోమంది.

అన్నీ కాగితం మీద రాయించుకుని, లేచి, గుమ్మం దగ్గర ఆగాడు.

"షుగరున్నవాళ్ళు తినొచ్చా?"

"మీకు షుగర్ లేదు."

"ఉందనుకో."

"తినొచ్చు."

"గ్యాస్ ఉంటే?"

"నూనెలో ఊరేసినవి వద్దు."

"కిడ్నీలో రాళ్ళుంటే?"

"తగ్గించి తినాలి. నీళ్ళు బాగా తాగాలి. అయినా, ఊళ్ళో రోగాలన్నీ మీ ఒక్కరికే కావాలా పెద్దాయనా?"

కాంపౌండరు నవ్వాపుకోలేక పక్క గదిలోకి పారిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు డబ్బా తాత.

ఇంకో రెండు నెలలు పోయాక మూడోసారి వచ్చినప్పుడు నూట నలభై నాలుగు.

తగ్గిందని డబ్బా తాత సంబరం చూడాలి! డాక్టరమ్మ మాత్రం మురిసిపోలేదు. మనిషి ఎంత ముద్దొచ్చినా డాక్టరుకి అంకె అంకే.

"ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేరా?"

"వండటమా? అది నాకు వెన్నతో పెట్టిన విద్య!"

"మరి ఈ డబ్బాల తిండి ఏం ఖర్మ?"

ఆయన ఆ మాట దాటేశాడు.

"ఇంకొక్క నెల తల్లీ. నాలుగు నెలలు పూర్తవ్వాలి."

అంతే, ఆమెకి ఒళ్ళు మండింది. తను చెప్పేదంతా ఈయనకి ఆటలా ఉందనుకుంది.

"నాలుగు నెలలేంటి? పందెం కాశారా? ప్రాణం మీదికి వస్తుంది! మానేశాకే రండి. అంతవరకు నా గుమ్మం తొక్కొద్దు."

పెద్దాయన చొక్కా చెయ్యి నెమ్మదిగా కిందికి దించుకున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కోపం వద్దు తల్లీ. నువ్వు చెప్పినవన్నీ బంగారం" అని వెళ్ళిపోయాడు.

నెల తిరిగింది. ఆయన రాలేదు.

తలుపు చప్పుడైనప్పుడల్లా డబ్బా తాతేమోనని ఆమె తలెత్తి చూసేది. ఇంకో వారం గడిచేసరికి ఉండబట్టలేకపోయింది. బీపీ మిషనూ, మాత్రలూ సంచిలో వేసుకుని, చీటీలో రాసిన అడ్రసు వెతుక్కుంటూ వెళ్ళింది.

గదికి తాళం ఉంది. పక్కింటావిడ రేవు వైపు చెయ్యి చూపించింది.

రేవులో పడవవాడు తాళ్ళు చుడుతున్నాడు.

"రోజూ డబ్బా చేపలు తినే పెద్దాయన ఒకరు..." అని మొదలుపెట్టింది.

"ఆయనా! పొద్దున్నే దీవిలో దించొచ్చానండీ. గాలుల కాలం మొదలైంది. ఇక నాలుగు నెలలు పడవ కదలదు."

"నాలుగు నెలలా?"

"ఏటా అంతేనండీ."

చేతిలో సంచి బరువెక్కింది.

"ఆ దీవిలో ఆయనకేం పని?"

"గాలీ వానా కొలిచే ఆఫీసుందండీ అక్కడ. తొమ్మిదిమంది ఉంటారు. సరుకులు మోసే పెద్ద పడవ మూలపడిందని, ఈ ఏడు చేపల డబ్బాలతోనే సరిపెట్టుకోమన్నారు. రెండు బస్తాల గింజలు మాత్రం ఈయనే పట్టుబట్టి ఎక్కించాడు. మొలకలెత్తిస్తాడట."

డాక్టరమ్మ ఒక అడుగు ముందుకేసింది.

"ఆ తొమ్మిదిమందిలో షుగరున్నవాళ్ళు ఉన్నారా?"

"ఆఫీసరు గారికుందండీ. రేడియో ఆయనకి గ్యాసు. ఇంకొకాయనకేమో కిడ్నీలో..."

"తెలుసు" అంది ఆమె.

పడవవాడు ఆమె సంచిలోంచి తొంగి చూస్తున్న బీపీ మిషను వైపు చూశాడు.

"మీరేనా డాక్టరమ్మంటే? మీ చేతిరాత కాగితాలు దారానికి గుచ్చి మెడలో వేసుకుని పడవెక్కాడండీ."

"నేనాయన్ని నా గుమ్మం తొక్కొద్దన్నాను."

"అదీ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడండీ. కూతురుంటే అలాగే తిట్టేదట."

ఆమెకి కళ్ళు నిండిపోయాయి.

"నాతో ఒక్క మాట అనుంటే ఏం పోయేది?"

"చెబితే మీరు తిననివ్వరుగా."

"అసలాయన తినడం దేనికి?"

పడవవాడు తాళ్ళచుట్ట భుజాన వేసుకున్నాడు.

"వాళ్ళ వంటాయన కదండీ, వడ్డించే ముందు రుచి చూడాలిగా, ఈసారి నాలుగు నెలలు చూశాడు."