వెనక సీట్లో మరక

"నేను పొయ్యలేదు!" పాప కారు పక్కన నిలబడి అరిచింది.

"నువ్వు కాకపోతే నేనా? సరిగ్గా నీ కుర్చీ కిందే ఉంటే ఇంకా బుకాయిస్తావా?" చిన్నల్లుడు వెనక సీటు మీది మరకను వేలితో పొడిచి మరీ చూపించాడు. అరచేయంత ఉంది, గోధుమరంగులో. పాపని కూర్చోబెట్టే బెల్టుల కుర్చీ ఇప్పుడే ఊడదీశాడు. ఊడదీయగానే ఇది బయటపడింది.

కారు అతనిది కాదు, అదీ తంటా. తోడల్లుడిది. కారు కొన్న దగ్గర్నుంచి పెద్దల్లుడి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. రెండు రోజులకి అడిగితే తాళం చేతికివ్వడానికి అరగంట క్లాసు పీకాడు. లోపల తినకూడదట, తాగకూడదట, చెప్పులు దులుపుకుని ఎక్కాలట. "పాప కుర్చీ నువ్వు బిగిస్తే సీటు చిరుగుతుందయ్యా, ఇటివ్వు" అని లాక్కుని తనే బిగించాడు. ఐదింటికి కారు తీసుకెళ్ళడానికి వస్తున్నాడు. ఇప్పుడు రెండున్నర.

"మా బావ సంగతి తెలిసీ అడిగారు చూడండి, మిమ్మల్ని అనాలి" అంది భార్య.

"అడిగింది నేనా? మీ అక్కకి ఫోన్ చేసిందెవరు?"

"సర్లెండి, ఇప్పుడది తేల్చుకుంటే మరక పోతుందా? బ్రష్ పట్టండి."

తాగిన గ్లాసు ఎప్పుడూ సింకులో వేసి ఎరగని మహానుభావుడు పాత టూత్‌బ్రష్ పట్టుకుని వెనక సీట్లో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. భార్య గిన్నెలో షాంపూ గిలక్కొట్టి ఇచ్చింది.

"నీళ్ళు పొయ్యకండి, నురగ మాత్రమే రాయండి! స్పాంజి నీళ్ళు తాగిందంటే వారం రోజులు కంపు కొడుతుంది. అంచు నుంచి మధ్యలోకి రుద్దండి. అయ్యో, అలా కాదు, మరక ఇంకా పాకుతోంది!"

"నోరు మూసుకుని ఆ పొడిగుడ్డ అందుకో!"

నురగ అయింది. వంటసోడా ముద్ద అయింది. గుడ్డతో అద్దడం, మళ్ళీ రాయడం, మళ్ళీ అద్దడం. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. రుద్దిన కొద్దీ అతని కోపం తోడల్లుడి మీద నుంచి జారి కూతురి మీద పడింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అచ్చం అలా.

"తప్పు చేస్తే చేశావు. అబద్ధమెందుకు? నాకు అబద్ధమంటే ఒళ్ళు మండుతుంది!"

"అబద్ధం కాదు నాన్నా. చాక్లెట్ పాలు మెట్ల మీదే తాగేశాను. అమ్మ చూసింది."

భార్య ముందు సీటు కింద తుడుస్తూ తల ఎత్తలేదు. "ఏమో తల్లీ, నాకు గుర్తులేదు. ఒప్పేసుకోరాదూ, గొడవ వదిలిపోతుంది." ఆ సీటు కింద గుప్పెడు వేరుశెనగ పొట్టు దొరికింది. తామెప్పుడు తిన్నారో గుర్తురాలేదు గానీ, గబగబా కొంగులో మూటగట్టేసింది.

"నేను పొయ్యలేదు" అంది పాప మళ్ళీ. ఈసారి గొంతు చిన్నదయింది.

"అయితే రేపటి స్కూలు ట్రిప్పుకి నేను సంతకం పెట్టను. పెదనాన్న ముందు నిజం చెప్పు, అప్పుడు పెడతాను."

ఆరేళ్ళ పిల్ల. చేయని తప్పు ఎలా ఒప్పుకోవాలో దానికెవరు నేర్పారు? ఏడుస్తూ లోపలికి పోయింది.

నాలుగున్నరకి, ఎన్నో సోడా ముద్దకో, మరక పోయింది. హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టారు. ఏసీ సందుల్లో దుమ్ము పెయింటు బ్రష్‌తో దులిపారు.

"పోయింది కదండీ, ఇంక దాంతో చెప్పించడం ఎందుకు?"

"చెప్పాల్సిందే! ఎప్పుడు చూసినా మన పెంపకం అంటూ దెప్పుతాడు. నా కూతురు ఎంత నిజాయితీగా ఉంటుందో ఇవాళ చూడాలి ఆ పెద్దమనిషి!"

సరిగ్గా ఐదింటికి అక్కా బావా దిగారు. పెద్దల్లుడు పలకరింపులు కూడా లేకుండా ఫోన్ లైటు వేసి కారు చుట్టూ తిరిగాడు. డ్యాష్‌బోర్డు మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకున్నాడు. అక్క అవతలి తలుపు తీసి వెనక సీట్లోకి వంగింది.

చిన్నల్లుడు కూతుర్ని భుజం పట్టి ముందుకి తోశాడు. "చెప్పమ్మా."

పాప కళ్ళు తుడుచుకుంది. "పెదనాన్నా, వెనక సీటు మీద చాక్లెట్ పాలు నేనే పోశాను. సారీ."

పెద్దల్లుడు ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "సర్లే, చిన్నపిల్లవి, ఈసారికి వదిలేస్తున్నా. ఏమయ్యా, నేను ముందే చెప్పానా లేదా? అంతా పెంపకంలోనే ఉంటుంది."

"అవునన్నయ్యగారూ, తప్పు మాదే" అన్నాడు చిన్నల్లుడు తల దించుకుని.

అప్పుడు అక్క కారులోంచి తల బయట పెట్టి పకపకా నవ్వింది. "చాక్లెట్ పాలేంటే పిచ్చితల్లీ! ఏడాదిగా మేం ఎంత రుద్దినా పోని మరక అది, మీ పెదనాన్న ఒలకబోసిన కాఫీ!"