స్విచాఫ్ వస్తోంది

"మీరు కాల్ చేస్తున్న నంబరు ప్రస్తుతం స్విచాఫ్ చేయబడి ఉంది."

జమున ఫోను చెవి దగ్గర నుంచి తీసి, మళ్లీ అదే నంబరు నొక్కింది. మళ్లీ అదే అమ్మాయి. అదే మర్యాద. బొగ్గు బాయి కూలినా ఆ అమ్మాయి గొంతు మాత్రం తొణకదు.

గోదావరిఖనిలో ఆ పొద్దున సైరన్ వేళ కాని వేళ మోగింది. ఫస్ట్ షిఫ్టు నడుస్తుండగా లోపల పైకప్పు కూలిందన్నారు. క్వార్టర్లలోని ఆడవాళ్లంతా పొయ్యి మీదివి పొయ్యి మీదే వదిలేసి బాయి గేటుకు వచ్చారు. మందమర్రి నుంచి డ్యూటీకి వచ్చిపోయేవాళ్ల ఇండ్లవాళ్లు ఇంకా దారిలో ఉన్నారు.

అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోను. బాయిలోకి ఇవేవీ పోవు. నిప్పురవ్వ లేస్తే గ్యాసు అంటుకుంటుందని రూలు. అందుకే దిగేముందు ప్రతి మనిషీ ఫోను ఆపేసి పైన ల్యాంపు రూములో పెట్టి పోతాడు. పైకి రాగానే మొహం కడుక్కోవడం కన్నా ముందు దాన్ని ఆన్ చేస్తాడు.

ఈ ఊరి ఆడవాళ్లకు ఆ లెక్క కొట్టినపిండి. స్విచాఫ్ అంటే లోపల. రింగయితే పైన. మామూలు రోజుల్లో స్విచాఫ్ వస్తే నిశ్చింత. మనిషి డ్యూటీలో ఉన్నాడు, కల్లు దుకాణంలో లేడు. ఈ రోజు లెక్క తిరగబడింది.

పైకొచ్చినవాళ్లను గేటు దాకా రానివ్వడం లేదు. ఎవరెవరు వచ్చారో తేలేదాకా ఆఫీసు వెనక షెడ్డులో కూర్చోబెట్టారట. గేటు బయట ఉన్నవాళ్లకు ఇక ఫోనే దిక్కు.

పక్క క్వార్టర్ మమత, జమున ఫోనులోకి తొంగి చూసింది.

"గ్యాస్ బుకింగా? ఏందక్కా, మొగని పేరు గట్ల పెట్టుకున్నవ్?"

"నువ్వేం పెట్టుకున్నవ్?"

"డేంజర్ అని."

ఇద్దరూ నవ్వలేదు.

అంతలో మమత ఫోను మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. దుబాయ్‌లో ఉన్న ఆమె తమ్ముడు వీరేందర్. అక్కడ వాట్సాప్ కాల్ పోదు కాబట్టి ఇంకేదో యాప్‌లో చేస్తాడు. అందులో బొమ్మ ముందొస్తుంది, మాట తర్వాత వస్తుంది.

"అక్కా, ఒక్కడే ఇంక లోపట ఉన్నడట గదా! గ్రూపులల్ల వచ్చింది."

"ఎవలట?"

"పేరు రాలే."

గేటు లోపలి సంగతి దుబాయ్ చుట్టి గేటు బయటికి వచ్చింది. గేటు కాడి జమాదారును అడిగారు. అతను అవుననలేదు. కాదని కూడా అనలేదు.

"పెట్టెయ్‌రా, మీ బావ చేస్తడేమో" అని మమత కట్ చేసింది.

ఆ తర్వాత ఒక్కొక్కరికీ కలవడం మొదలైంది. కలిసిన ఆమె ముందు తిడుతుంది. తర్వాత ఏడుస్తుంది. ఆ తర్వాత పక్కామె మొహం చూసి గొంతు తగ్గిస్తుంది. మమతకూ కలిసింది. "ఏడ సచ్చినవయ్యా!" అని అరిచి, తన మాటకు తానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

జమునకు మాత్రం స్విచాఫ్.

ఏడుపు రాలేదు. బొటనవేలు ఒక్కటే పని చేస్తోంది. కాళ్లకు చెప్పుల్లేవని ఎవరో చెప్తే కిందికి చూసింది. అవి తన కాళ్లేనని తెలియడానికి కాసేపు పట్టింది.

"నంబరు చెప్పక్కా, నా ఫోనుకెల్లి చేస్త. నీకాడ సిగ్నల్ లేదేమో."

"గీతలన్నీ ఉన్నయి" అంది జమున. "ఎవలు చేసినా గట్లనే వస్తది."

గేటు దగ్గర ఫోను కలవనిది ఇక ఆమెకొక్కదానికే. ఆ సంగతి ఆమెకన్నా ముందు చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసింది. జాలికి కొంచెం చోటు కావాలన్నట్టు అందరూ ఓ అడుగు వెనక్కి జరిగారు.

సారవ్వ మాత్రం దగ్గరికొచ్చి కూర్చుంది. తన మనిషిని బాయిలోనే పోగొట్టుకున్న ముసలమ్మ. జమున వీపు మీద చెయ్యి వేసింది.

"ఏడువు బిడ్డా. లోపట పెట్టుకోకు. మొగని కోసం ఏడిస్తె ఎవలేమంటరు?"

జమున ఆమె వైపు చూసింది. మళ్లీ నొక్కింది.

అంబులెన్సు లోపలికి పోయింది. హారన్ వెయ్యలేదు, తొందర కూడా పడలేదు. అక్కడున్న ఆడవాళ్లకు అది కూడా తెలిసిన లెక్కే. ఎవరో శోకం అందుకున్నారు.

"మీరు కాల్ చేస్తున్న నంబరు..."

అప్పుడే గేటు పక్కన చిన్న తలుపు తీశారు. షెడ్డులో కూర్చోబెట్టినవాళ్లను వదిలారు. మొహాలన్నీ ఒకటే నలుపు. ఎవరి మనిషిని వాళ్లు నడకను బట్టి గుర్తుపట్టాలి. అందులోంచి ఒకడు ఫోను చేత పట్టుకుని నేరుగా ఇటే వచ్చాడు.

"జైపాల్ బావా!" మమత కేక పెట్టింది. "అక్కా, లే! బావ వచ్చిండు!"

సారవ్వ ఆకాశానికి దండం పెట్టింది. "నీ మొగడు పైననే ఉన్నడే పిచ్చిదానా!"

జమున లేవలేదు. సంతోషం తట్టుకోలేక బిగుసుకుపోయిందనుకుని ఎవరో ఆమె నెత్తిన నీళ్లు పోశారు.

జైపాల్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"రీచార్జ్ అయిపోయి నా ఫోనుకెల్లి కాల్ పోతలేదు, వచ్చేటియి వస్తయి గదా, నువ్వన్న చేస్తవని గంట సంది ఆన్ చేసి చేతులనే పట్టుకొని కూసున్న, ఒక్కసారన్న చెయ్యకపోతివేందే?" అన్నాడు.